వీపుతో వదిలే బాణం

అక్టోబర్ 5, ఆదివారం

ఈ ఉదయం 6.50కి, విల్లు సగం లాగి ఉండగానే నా చేతిలోని రిలీజ్ నారిని వదిలేసింది. బాణం టార్గెట్ మీదుగా, గోడ మీదుగా పోయి, అవతలి బాటలో పత్తి ఏరడానికి వెళ్తున్న సాయమ్మ అనే ఆమె కుడి భుజంలో దిగింది.

ప్రాణాపాయం లేదు. ఎముకకు తగల్లేదు. దవాఖానలో బాణం తీసి కుట్లు వేశారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి.

నా పిడికిలి వచ్చి నా మూతికే తగిలింది. పై పెదవికి కుట్లు, ముందు పన్ను సగం లేదు. డాక్టర్ మాట్లాడవద్దన్నాడు. అందుకే రాస్తున్నాను.

ఉమ్మడి జిల్లా విలువిద్య సంఘానికి ఫిర్యాదు ఇవ్వాలి. ఆ కమిటీలో సగం మంది విల్లు ముట్టనివాళ్లే. వాళ్లకు అర్థం కావాలి కాబట్టి చిత్తుప్రతి ఇక్కడే:

"కాంపౌండ్ విల్లు నారిని వేళ్లతో లాగరు. అరచేతిలో ఇమిడే ఒక లోహపు పనిముట్టుతో లాగుతారు. దాన్ని రిలీజ్ అంటారు. నాది బటన్ లేని రకం. నారిని పట్టుకునే కొక్కెం లోపల చంద్రవంకలాంటి అంచు మీద నిలబడుతుంది. లాగేంతసేపూ బొటనవేలు ఒక చిన్న పెగ్ మీద ఉంచాలి. నారి దవడ దగ్గరికి వచ్చాక బొటనవేలు తీసి, వీపు మీది రెక్క ఎముకలు రెండింటినీ దగ్గరికి తెస్తూ పోవాలి. వీపు బిగిసేకొద్దీ చేయి కొద్దిగా తిరుగుతుంది, కొక్కెం అంచు మీంచి జారుతుంది, బాణం పోతుంది. సెప్టెంబర్ 28న కోచ్ దాసు ఆ అంచును తిప్పి, కొక్కెం త్వరగా జారేలా మార్చాడు. ఆ తర్వాత ఆ రిలీజ్‌ను నేను ఎవరికీ ఇవ్వలేదు. తిరిగి వాడింది ఈ రోజే. మొదటి బాణానికే ప్రమాదం జరిగింది."

ఒక్క విశేషణం లేదు. పదిహేనేళ్ల రిపోర్టింగ్‌లో నేర్చుకున్నది అదే.

మిగతా నిజాలు కూడా రాయాలి కాబట్టి: గోడ దూకి ముందు సాయమ్మ దగ్గరికి పరుగెత్తింది దాసే. బాణం పీకకుండా, తన టీషర్టు చింపి చుట్టూ కట్టు కట్టాడు. ఆమెను ఆటో ఎక్కించి వెనక్కి వచ్చి నా ముందు చేయి చాపాడు.

"అక్కా, రిలీజ్ ఇటియ్యి. ఒక్కసారి సూస్త."

ఇవ్వలేదు. ప్లాస్టిక్ కవర్లో వేసి ముడి వేశాను. నోటినిండా రక్తం. అయినా చెప్పాను, అతను ముట్టుకున్న తర్వాత అది సాక్ష్యం కాదని.

అతను నా మొహం చూశాడు. నా పెదవిని కాదు.

బాణం ఎక్కించేటప్పుడు దాసు వెనక నుంచి ఏదో అడిగాడు. "ఆఁ" అన్నాను.

అక్టోబర్ 6

మా పేపర్లోనే వచ్చింది. "ప్రాక్టీస్ ప్రాంగణంలోకి ప్రవేశించిన మహిళకు బాణం." ఆమె ప్రాంగణంలోకి ప్రవేశించలేదు. బాట గోడకు అవతల ఉంది. డెస్క్‌కు మెసేజ్ పెట్టాను. పోలీసు నోట్‌లో అలాగే ఉందని జవాబు. పోలీసు నోట్ రాసినవాడు గోడ చూశాడా? డెస్క్‌లో ఉన్నవాడు మా వనపర్తి చూశాడా?

అక్టోబర్ 7

దవాఖానకు వెళ్లాను. ఆడవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. సాయమ్మ కూర్చుని ఎడమచేత్తో అన్నం కలుపుకుంటోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది, మూతి మీద పట్టీ ఉంది కదా.

"పేపరమ్మా! నన్ను అడివిపందనుకున్నవా ఏంది?"

వార్డంతా నవ్వింది. నేను నవ్వలేను, కుట్లు.

"చెయ్యి జారిందమ్మా," అన్నాను.

"నీ చెయ్యి జారితె నా చెయ్యి పోవాల్నా? ఇదేం లెక్కనే?"

బత్తాయిలు ఇచ్చాను. తీసుకుంది.

"మా మనుమరాలు సదివింది పేపరు. నేను లోపలికొచ్చిన్నంట. ఏ గోడ దుంకిన్నే నేను? ఈ మోకాళ్లతోని?"

"ఆ వార్త నేను రాయలే."

"మరెవలు రాసిండ్రు? పేపరు మీది గాదా?"

పక్క మంచం ఆమె అందుకుంది: "ఊకోయే సాయమ్మా. ఆమెకు గుడ మూతి పగిలింది."

"ఆమె మూతి ఆమె చెయ్యే పగలగొట్టింది. నన్ను గుడ ఆమె చెయ్యే కొట్టింది. ఆ చెయ్యికే దెబ్బ తగలలే!"

లెక్క సరిగ్గానే ఉంది.

పత్తి మొదటి ఏరుడు ఇప్పుడే. ఈ సీజన్ ఆ చేయి లేవదని డాక్టర్ చెప్పాడు. బయటికి వచ్చి స్కూటీ తీశాను. కోపం ఎవరి మీదో నాకు స్పష్టంగానే ఉంది. 28న ఆ అంచు తిప్పినవాడి మీద.

అక్టోబర్ 8

ఫిర్యాదు ఇచ్చాను. సంఘం సెక్రటరీ వెంకట్రాములు రెండుసార్లు చదివాడు. నిలబడి చేయి కలిపాడు.

"మీరు రాతపూర్వకంగ ఇచ్చిండ్రు, మాకు మంచిగైంది మేడం. దాసుది కాంట్రాక్టే గద. రెన్యువల్ ఆపేస్తె అయిపాయె. మీకైతే ఫికర్ లేదు. కోచ్ తప్పని తేలితే మీ స్టేట్ సెలక్షన్‌కు ఏం అడ్డం రాదు."

నేను సెలక్షన్ గురించి అడగలేదు. అడగలేదని అతనికి చెప్పనూ లేదు.

ఎస్సై కూడా ఫోన్ చేశాడు. నిర్లక్ష్యం కింద కేసు. ఎవరి నిర్లక్ష్యం అన్నది సంఘం విచారణ చూసి రాసుకుంటారట. అది వాళ్ల పని.

అక్టోబర్ 9

దాసు ఫోన్ చేశాడు. ప్రాక్టీస్ రేంజ్‌లోకి రావద్దని అతనికి నిన్ననే చెప్పేశారట.

"ఎవరికీ ఇయ్యలేదని రాసిండ్రంట గద, మేడం."

మేడం. జూన్‌లో నాకు కోచ్ అయినప్పటి నుంచి అక్కా అన్న మనిషి.

"నిజమే కదా," అన్నాను.

"నిజమే. నేను తిప్పింది గుడ నిజమే. తిప్పమన్నది ఎవరు?"

నేనే. వీపు ఎంత బిగించినా బాణం పోవడం లేదు, పట్టుకుని పట్టుకుని భుజం వణుకుతోంది, జర త్వరగా జారేటట్టు చెయ్యి అన్నది నేనే. కానీ ఎంత తిప్పాలో తెలియాల్సింది కోచ్‌కి. ఆ మాటే అన్నాను.

"తెలుసు. గోరంత తిప్పిన. తిప్పినంక ఆ రోజే మీరు ఇరవై బాణాలు ఏసిండ్రు నా ముంగట. ఒక్కటన్న ముందుగల పోయిందా?"

పోలేదు. ఫిర్యాదులో అది లేదు. అడిగితే చెబుతాను.

"రిలీజ్ ఒక్కసారి సూడనియ్యుండ్రి."

"విచారణలో చూద్దువు."

దాసు అన్నాడు, "మల్లొక్క వార్త రాసుకోండ్రి. అడవి బిడ్డ గురి తప్పిండు అని." ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. అతని మీద ఆ ఫీచర్ రాసి రెండేళ్లయింది. మన్ననూర్ చెంచు పెంట అనే చిన్న గూడెం నుంచి రాష్ట్ర పతకం దాకా. నేను రాసినదాంట్లో శిక్షణ కేంద్రం ఉంది, అతను అక్కడ గడిపిన ఏళ్లున్నాయి. "రక్తంలోనే విలువిద్య" అని శీర్షిక పెట్టింది డెస్క్. అప్పుడే దాసు ఆ పేపర్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "మా తాత పందిని కొట్టేటప్పుడు బాణం ఎప్పుడు పోతదో తెలిసే కొట్టెటోడు. తెల్వకుంటె ఇంట్ల ఆకలే. నేను నేర్చుకున్నది ఎప్పుడు పోతదో తెల్వకుండ కొట్టుడు. మా తాత చెయ్యిని నా చెయ్యిలకెల్లి తీసేటందుకు నాకు రెండేండ్లు పట్టింది. మీరేమో రక్తం అని రాసిండ్రు."

శీర్షిక నాది కాదు. అతనికి అది చెప్పాను. ఎన్నిసార్లు చెప్పాలి?

అక్టోబర్ 10

సవరణ వేశారు. తొమ్మిదో పేజీ, టెండర్ ప్రకటన కింద, రెండు లైన్లు. సాయమ్మ పేరు తప్పు పడింది. శాయమ్మ.

అక్టోబర్ 11, శనివారం

పొద్దున అమ్మ మిషన్ మీద జాకెట్ కుడుతూ మొదలుపెట్టింది.

"ఆ పిల్లగాడు మంచోడు ఉమా. మొన్న నీ మూతికి కట్టు కట్టిచ్చి ఇంటిదాంక దించిపాయె. వాని నౌకరి తీస్తరంట గద?"

"వాడు తప్పు చేసిండు."

"ఏం తప్పు?"

"నీకు తెల్వదమ్మా. ఇనుము పని అది."

"ఇనుము నాకు తెల్వదా? నలబై ఏండ్ల సంది ఈ మిషన్ ఎవరు తొక్కుతుండ్రు, మీ నాయినా?"

కవర్ ముడి వేసి బీరువా మీద పెట్టిన రిలీజ్‌ను వేలితో చూపించాను. అది లూజు చేశాడు, అందుకే జారింది అన్నాను. మాట్లాడితే పెదవి లాగుతోంది. నా గొంతు పెద్దదైంది.

"అరిసెందుకు సస్తవ్? కుట్లు ఊడుతయ్. సుమ్నె కూసో," అంది. కోపమొస్తే అమ్మకు కన్నడం కలిసిన గట్టు ఊరి మాట వస్తుంది. మిషన్ ఆపి కళ్లద్దాలు పైకి తోసుకుంది. "అది లూజెట్లయితది? దసరానాడు నేనే సూస్తిని. మస్తు బిగుతుంటుండె. మూల మూలకు నూనె ఏసినంక గద జర కదిలింది."

నేను అడిగాను, ఏమిటి అని.

"నూనె. మిషన్ నూనె. పీట మీద పెడ్తివి గద నీ విల్లు, అది, అన్నీ. నా కత్తెర్లకు, మిషన్‌కు ఏసిన. నీ స్కూటీ స్టాండ్‌కు ఏసిన. దానికి గుడ రొండు సుక్కలు ఏసి, నోట్లె పసుపు కుంకుమ పెట్టిన. పండుగనాడు అన్నిటికి పెట్టి దాన్నొక్కదాన్ని ఇడ్సిపెడ్తమా?"

మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆ రిలీజ్‌ను నేను ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వలేదు. పీట మీద పెట్టాను.

అక్టోబర్ 12

రెండు చుక్కల నూనెతో ఏమీ కాదు.

అక్టోబర్ 13

కవర్ విప్పాను. వాసన ముందొచ్చింది. కొక్కెం మూలలో ఎండిన కుంకుమ. చంద్రవంక మీద నూనె, దాని మీద పసుపు మరక. కళ్లద్దాలు కూడా అక్కర్లేదు. అయిదో తేదీ ఉదయం ఒక్కసారి వంచి చూసినా కనిపించేది.

విల్లు బయటికి తీయలేదు. పురికొస మీద చూశాను. అది ప్రతి విలుకాడికీ నేర్పే మొదటి పని. చేతి పొడవుకు సరిపడా పురికొసను ఉచ్చులా ముడి వేసి, ఒక చేత్తో దాన్ని విల్లులా పట్టుకుని, రిలీజ్ తగిలించి లాగి చూడాలి. బాణం ఉండదు, బలం ఉండదు, తప్పు చేసినా ఎవరికీ ఏమీ కాదు. రిలీజ్ ఎప్పుడు విప్పినా, ఎవరు ముట్టినా, కొద్దిరోజులు వాడకపోయినా, విల్లుకు తగిలించే ముందు పురికొస మీద గుంజాలి. ఇది దాసు నియమం.

వంటింటి గడప దగ్గర నిలబడి లాగాను. సగంలోనే జారింది. మళ్లీ లాగాను. జారింది. పెగ్ మీద బొటనవేలు గట్టిగా ఉంచి లాగాను. వేలు తీస్తుండగానే జారింది.

పెట్రోల్‌లో గుడ్డ ముంచి తుడిచాను. ఎండలో పెట్టాను. మళ్లీ లాగాను. నిలబడింది. దవడ దాకా తెచ్చాను, బొటనవేలు తీశాను, నిలబడింది. అప్పుడు వీపు మొదలుపెట్టాను. రెక్క ఎముకలు దగ్గరికి, ఇంకా దగ్గరికి. దాసు అనే మాట గుర్తుంది: "అక్కా, నువ్వు వార్త రాసినట్టు బాణం ఏస్తవ్. దొరకంగనే వదుల్తవ్. వదిలేది నువ్వు గాదు. నువ్వు గుంజుకుంట పో, అది పోతది." రెండేళ్లు బటన్ రిలీజ్‌తో నాశనమయ్యాను నేను. గురి చూసే అద్దంలోని చుక్క టార్గెట్ మధ్య పసుపు రంగు మీదికి రావడం ఆలస్యం, వేలు తనంతట తానే నొక్కేది. ఎన్నో శిబిరాలు తిరిగాను. దాన్ని నా చేతిలోంచి తీసినవాడు దాసు ఒక్కడే.

పురికొస టప్పున వదిలింది. నేను ఉలిక్కిపడ్డాను. అలాగే ఉలిక్కిపడాలి. ఇంత శుభ్రంగా ఎప్పుడూ వదల్లేదు నేను.

రిలీజ్ తీసి గోడకేసి కొట్టాను. సున్నం పెచ్చు ఊడింది. అమ్మ వచ్చి చూసి, చీపురు తెచ్చి ఊడ్చింది.

ఏదో అడిగాడు అని రాశాను అయిదో తేదీన. ఏదో కాదు. "పురికొస మీద గుంజినవా అక్కా?" అని అడిగాడు. స్పష్టంగా వినిపించింది. ఆ రోజు జెడ్పీ దగ్గర ధర్నా కవర్ చేయాలి, ఎనిమిదికల్లా అక్కడుండాలి, ఆలస్యమవుతోంది. "ఆఁ" అన్నాను.

అక్టోబర్ 14

వెంకట్రాములు ఫోన్ చేశాడు. విచారణ పదిహేడున, శుక్రవారం, నాగర్‌కర్నూల్‌లో. కమిటీలో ముగ్గురు. "ఫార్మాలిటీ మేడం. మీ కాగితం చదువుతం, రాసుకుంటం."

ఫిర్యాదులో ఒక చిన్న మార్పు ఉంది అన్నాను.

"ఇప్పుడెందుకు మేడం? మంచిగ రాసిండ్రు గద."

తర్వాత చెబుతానన్నాను. ఎందుకు అప్పుడే చెప్పలేదో నాకు తెలియదు. తెలుసు. చెబితే సెలక్షన్ పోతుంది, కేసులో పేరు మారుతుంది. మధ్యాహ్నమంతా వాదించుకున్నాను. అతను అంచును గోరంత తిప్పకపోతే నూనె ఉన్నా జారేది కాదేమో. అది నిజం కావచ్చు. అమ్మ అడగకుండా ముట్టింది. అదీ నిజం. ఎత్తు తక్కువ గోడ, దాని వెనకే నడకదారి. ఆ రేంజ్ అక్కడ పెట్టినవాళ్లెవరు? అదీ రాయవచ్చు. రాయడానికి నిజాలు చాలా ఉన్నాయి. ఒక్కోదాన్నీ ముందుకు జరిపి చూశాను. ప్రతిసారీ ఒకటి కిందికి పోతోంది. అది ఏదో నాకు తెలుసు.

ఈ పని నేను ఎవరెవరు చేస్తే పట్టుకున్నాను, ఎన్నిసార్లు? ప్రెస్ నోట్‌లో ఒక్క అబద్ధం ఉండదు. అసలు సంగతి నాలుగో పేరాలో ఉంటుంది.

అక్టోబర్ 15

మన్ననూర్ వెళ్లాను. దాసు ఫోన్ ఎత్తడం లేదు.

అచ్చంపేట దాటి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగితే ఫారెస్టు వాచర్ సంచులు చూశాడు. నా సంచిలో రిలీజ్ ఉంది.

"ఇదేంది మేడం?"

"విల్లుకు తగిలించేది."

"విల్లు యాడ?" సీటు కిందికి వంగి వెతికాడు. "పులుల అడివి ఇది. విల్లు, బాణం, ఉచ్చు, ఏదీ రావద్దు."

విల్లు తేలేదని నమ్మడానికి అతనికి కొంతసేపు పట్టింది. దాసు ఎప్పుడో చెప్పింది అప్పుడు అర్థమైంది. సంఘం లెటర్ చూపిస్తేనే అతని విల్లు ఈ గేటు దాటుతుంది. పండక్కి ఇంటికి పోయినా ప్రాక్టీసు ఆపడు కాబట్టి ఆ లెటర్ ఎప్పుడూ పర్సులో పెట్టుకునేవాడు. ఎనిమిదో తేదీన సంఘం దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడతని విల్లు అచ్చంపేటలో ఒక స్నేహితుడి చెప్పుల దుకాణంలో ఉంది.

గేటు పక్క హోటల్లో కూర్చుని మనిషిని పంపితే వచ్చాడు. కుర్చీ లాక్కోలేదు.

"చెప్పుండ్రి మేడం."

చెప్పాను. నూనె, పసుపు, కుంకుమ. సంచిలోంచి రిలీజ్ తీసి బల్ల మీద పెట్టాను. నేను తుడిచానని కూడా చెప్పాను, తుడవకముందు ఫొటోలు తీయలేదని కూడా. పురికొస మీద చూడలేదని చెప్పాను. అయినా "ఆఁ" అన్నానని చెప్పాను.

అతను రిలీజ్ ముట్టుకోలేదు.

"ఆఁ అన్నవ్," అన్నాడు. "నేను నమ్మి పక్క లేన్ దిక్కు తిరిగిన. నీ 'ఆఁ' నమ్మిన. పది రోజుల సంది నిద్ర లేదు నాకు. ఇరవై బాణాలు సరిగ్గ పోయినా, నేనే ఎక్కువ తిప్పిన్నేమో, గోరంత అనుకొని గోరున్నర తిప్పిన్నేమో అని. మా అమ్మకు చెప్పిన, నా చేతులల్లనే తప్పయ్యింది, ఒక ముసలామెకు చెయ్యి పోయింది అని. ఇయ్యాల పొద్దుగాల గుడ చెప్పిన."

హోటలాయన టీ తెచ్చి పెట్టాడు. ఇద్దరం తాగలేదు.

"నీకు కోపమొస్తే తిట్టు," అన్నాను.

"తిడితె నీకు తేలికైతది."

నాకే కోపం వచ్చింది. అతను అరిస్తే నేనూ అరిచేదాన్నేమో. "అమ్మ అడగకుండ నూనె పోస్తే నేనేం చేయాలె? నాకు చెప్పలే. నాకేం తెలుసు?" అన్నాను. బస్టాండులో దొంగ అరిచినట్టు అరిచాను.

అప్పుడు కూర్చున్నాడు.

"మీ అమ్మ పండుగ చేసింది. మా ఇంట్ల గొడ్డలికి గుడ నూనె పెడ్తరు. నేను నేర్పే పిల్లగాండ్లకు ఏం చెప్త? ఇంట్ల ఎవరు ముడతరో, ఏం పూస్తరో మనకు తెల్వదు, గందుకే పురికొస అని. నూనె తప్పు కాదు. నూనె ఉన్నదని చెప్పేటందుకే పురికొస."

"అన్నీ రాస్త. నూనె, పురికొస, నువ్వు తిప్పింది."

"నేను తిప్పింది రాయి. దాచకు, నాకు ఎవ్వరి దయ వద్దు." లేచాడు. "ఏది పైకి రాస్తవో, ఏది కిందికి రాస్తవో నేను చెప్పాల్నా? పేపరుదానివి నువ్వు."

పదిహేడున విచారణకు రమ్మన్నాను. రానన్నాడు. అదే రోజు ఫారెస్టు రేంజ్ ఆఫీసులో వాచర్ పనికి పిలిచారట. గేటు దగ్గర సంచులు చూసే పని.

"విల్లులు పట్టుకునే పని," అన్నాడు. "రక్తంల ఉంటది గద."

పోయాడు. బల్ల మీద రిలీజ్ అలాగే ఉంది. హోటలాయన వచ్చి తిప్పి తిప్పి చూశాడు. "ఇదేం తాళమమ్మా?" అన్నాడు.

అక్టోబర్ 16, గురువారం

కొత్త వాంగ్మూలం రాశాను. పాత ఫిర్యాదు వాపసు. మొదటి వాక్యం దగ్గరే పొద్దంతా పోయింది. చివరికి ఇలా వచ్చింది:

"అక్టోబర్ 5 ఉదయం విల్లు ఎత్తే ముందు, రిలీజ్‌ను పురికొస మీద పరీక్షించావా అని కోచ్ దాసు నన్ను అడిగాడు. పరీక్షించానని చెప్పాను. అది అబద్ధం."

రెండో పేరా సాయమ్మ, ఆమె నడిచిన బాట. మూడోది నూనె. నాలుగోది 28న తిప్పిన అంచు, తిప్పమన్నది నేనే అని, తిప్పిన తర్వాత సరిగ్గా పోయిన ఇరవై బాణాలు. ఈసారీ విశేషణాలు లేవు. గర్వపడేదేమీ లేదు.

అమ్మకు చదివి వినిపించాను. మూడో పేరా దగ్గర ఆపింది.

"నూనె ఏసింది ఎవరో పేరు లేదేంది?"

"'మా ఇంట్లో' అని రాసిన."

"మా ఇంట్లో ఏంది? పిల్లి ఏసిందా? పేరు రాయి. ఈదమ్మ, గట్టు. నేను గుడ ఒస్త రేపు. అడిగితే చెప్త." కళ్లద్దాలు తీసి, "ఆ ముసలామెను నేను సూడనే లేదు. ఆమె ఏడ ఉంటది?" అంది.

పేరు రాశాను.

సాయమ్మను నిన్న డిశ్చార్జ్ చేశారు. సాయంత్రం ఆమె ఇంటికి పోయి, విచారణలో నేనేం చెప్పబోతున్నానో చెప్పాను. పూర్తిగా విన్నది.

"అంటె ఆ పిల్లగాడు నా చెయ్యికి కట్టు కట్టె, నువ్వు వాని మీద కాగితం రాస్తివి."

"అవును."

"తూ!" అంది. ఉమ్మేసింది నిజంగానే, పక్కకు. తర్వాత, "నేనొస్త. ఆ బాట మీద నలబై మంది ఆడోళ్లు నడుస్తరు. గోడ మీదికి కడ్తరా, మేము సావాల్నా, అడుగుత. బండి పెట్టు. సీటు ముంగటిదే కావాలె, ఎనుక కూసుంటె చెయ్యి నొస్తది."

వెంకట్రాములుకు ఫోన్ చేసి, విచారణ పదింటికే మొదలుపెట్టమని, నేను చెప్పింది వినగానే మన్ననూర్ ఫారెస్టు ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయమని అడిగాను. ఎందుకో చెప్పాను: దాసు అక్కడ సంతకం పెట్టకముందే తప్పు అతనిది కాదని అతనికి తెలియాలి. "మీరు ఆలోచించుకున్నరా మేడం?" అన్నాడు. తర్వాత, పదింటికి కుదరదు, కమిటీ హైదరాబాద్ నుంచి రావాలి అన్నాడు. స్టేట్ సెలక్షన్ జాబితా నుంచి నా పేరు తాత్కాలికంగా తీసేస్తున్నట్టు గంటలో మెసేజ్ వచ్చింది.

దాసుకు వాంగ్మూలం ఫొటో పంపాను. చూసినట్టు రెండు నీలి గీతలు పడ్డాయి.

రేపు ఉదయం పదకొండుకు నాగర్‌కర్నూల్‌లో విచారణ. మొదట పిలిచేది నన్నే. పదకొండుకే మన్ననూర్‌లో దాసు వాచర్ పనికి సంతకం పెట్టాలి. మధ్యాహ్నం మూడుకు వనపర్తి స్టేషన్‌కు రమ్మన్నాడు ఎస్సై, వాంగ్మూలం కాపీతో.